మన ఊరి వాద్యకారుల నలుపు తెలుపు ఛాయాచిత్రాలు: ఎలా తీయాలి

ఇంట్లో ఉన్న పెళ్ళి ఆల్బమును ఒకసారి తిరగేసి చూడండి. తాళి కట్టే ఫోటో అంచున సగం డోలు, సన్నాయి చివర, ఎవరిదో తెలియని మోచెయ్యి కనిపిస్తాయి. ఆ ముహూర్తానికి గట్టిమేళం వాయించిన మనిషి ముఖం మాత్రం ఆల్బములో ఎక్కడా ఉండదు. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి వాయించిన కళాకారుడు కన్నుమూసినప్పుడు, దండ వేయడానికి మంచి ఫోటో లేక, ఇంటివాళ్ళు గుర్తింపు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించుకోవడం నేను ఒకటికి మించిన ఇళ్ళలో చూశాను. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉన్న సన్నాయి, డోలు, డప్పు, వీణ, మృదంగం, హరికథ కళాకారులను నలుపు తెలుపుల్లో, వారి ఇంటి గోడకు తగిలించుకోదగినట్టుగా ఫోటో తీయాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. షట్టరు వేగం, ఎపర్చరు, ఐఎస్‌ఓ అనే మూడింటి సంగతి మీకు తెలిసి ఉంటే చాలు, మిగిలినది ఇక్కడ చెబుతాను.

నలుపు తెలుపు ఎందుకంటే పాతకాలపు అందం కోసం కాదు. మన కళాకారులు కూర్చునే చోట రంగులు మరీ ఎక్కువ. వెనుక ఎరుపు పసుపు చారల షామియానా, పైన రంగు మార్చే ఎల్ఈడీ దీపాలు, పక్కన ప్లాస్టిక్ కుర్చీల నీలం, దాతల పేర్లున్న ఫ్లెక్సీ, ఇవన్నీ కలిసి చూపును ముఖం మీద నిలవనివ్వవు. రంగు తీసేస్తే ముఖమూ చేతులూ వాద్యమూ మిగులుతాయి. అయితే రంగు పోయిన ప్రతి వస్తువూ ఏదో ఒక బూడిద ఛాయగా మారుతుంది. ఏది ఏ ఛాయగా మారాలో మీరు నిర్ణయించకపోతే కెమెరాయే నిర్ణయిస్తుంది, కెమెరాకు బొట్టు విలువ గానీ పంచె విలువ గానీ తెలియదు. నలుపు తెలుపు పనిలో నిజమైన కష్టమంతా ఇక్కడే ఉంది.

మొదటి రోజు కెమెరా వద్దు

మొదటిసారి వెళ్ళినప్పుడు కెమెరా తీసుకువెళ్ళకండి. ఆయన వాయించే చోటికి వెళ్ళి, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినండి. ఏ చెయ్యి ఎక్కువగా కదులుతుంది, ఏ ఘట్టంలో కళ్ళు మూసుకుంటారు, శ్రుతి చూసుకునేటప్పుడు తల ఎటు వాలుతుంది, పక్క వాద్యగాడి వైపు ఎప్పుడు చూసి నవ్వుతారు అనేవి గమనిస్తే, ఫోటో తీసే రోజున మీరు ఆ క్షణం కోసం కాచుకుని ఉండగలుగుతారు. ఇది లేకుండా వెళ్ళినవారు "ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అనే మాటలతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది, ఆ మాటలు విన్న వెంటనే ఎవరి ముఖమైనా గుర్తింపు కార్డు ముఖంగా మారిపోతుంది.

సమయం కూడా చూసుకోవాలి. శ్రావణంలోనూ మాఘంలోనూ మేళం వాళ్ళకు ఒక ముహూర్తం నుంచి ఇంకో ముహూర్తానికి పరుగే సరిపోతుంది, నిద్ర లేని కళ్ళతో మీ ముందు కూర్చుంటారు. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్ళిళ్ళు ఉండవు కనుక వారికి తీరిక దొరుకుతుంది. అదే రోజుల్లో వారికి రాబడి కూడా ఉండదని మరిచిపోకండి. రెండు గంటలు కూర్చోబెడితే దానికి తగిన సంభావన ముందే మాట్లాడుకుని, తాంబూలంలో పెట్టి ఇవ్వండి. ఫోటోలు ఇవ్వడం డబ్బు ఇవ్వడానికి బదులు కాదు, రెండూ ఇవ్వాలి. ఫోటోను ఎక్కడ పెడతారో, ఎవరికి చూపిస్తారో కూడా అప్పుడే చెప్పి, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్ళండి.

వాద్యం ఉన్న గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు, వాద్యాన్ని దాటకూడదు, అడగకుండా జరపకూడదు. ఫోటో కోణం కోసం మృదంగాన్ని కాలితో పక్కకు నెట్టిన ఒక యువకుడికి ఆ తరువాత ఆ ఇంట్లో ఒక్క మంచి ఫోటో కూడా దక్కలేదు. పెద్దాయన ఏమీ అనలేదు కానీ, ఆ తరువాత గంటసేపు ఆయన ముఖం మూసిన తలుపులాగే ఉండిపోయింది.

వసారాయే మీ స్టూడియో

ఫ్లాష్ గానీ స్టాండు దీపాలు గానీ కొనవలసిన పని లేదు. మన ఇళ్ళలో వసారా, అరుగు, వీధి గుమ్మం అన్నవి ఛాయాచిత్రకారుడి కోసమే కట్టినట్టుగా ఉంటాయి. పైన నీడ ఉంటుంది, ఒక వైపు నుంచి మాత్రమే ఆకాశపు వెలుతురు వస్తుంది, లోపలి వైపు చీకటిగా ఉంటుంది. కళాకారుణ్ణి వసారా అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి, వెలుతురు ఆయన ఒక చెంప మీద పడేలా ఏటవాలుగా కూర్చోబెట్టండి. కంటిపాపలో చిన్న తెల్లని మెరుపు కనిపించేంత వరకు ఆయన ముఖాన్ని వెలుతురు వైపు కొంచెం కొంచెంగా తిప్పించండి. ఆ మెరుపు లేని కళ్ళు నలుపు తెలుపుల్లో ప్రాణం లేనట్టు కనిపిస్తాయి.

ఉదయం ఎనిమిదింటి నుంచి పదింటి వరకు, సాయంత్రం నాలుగు తరువాత మంచి సమయం. ఎదురుగా సున్నం వేసిన గోడ ఉండి దాని మీద ఎండ పడుతుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ గోడే పెద్ద దీపంగా మారి మెత్తని వెలుతురును తిరిగి పంపుతుంది. నీడ వైపు చెంప మరీ నల్లబడితే ఒక తెల్ల పంచెను ఎవరినైనా పట్టుకోమనండి. వెలుతురు అన్ని వైపుల నుంచీ వచ్చి ముఖం చదునుగా కనిపిస్తే, అదే చోట నల్ల కంబళి పట్టించండి, నీడ తిరిగి వస్తుంది. నా అనుభవంలో తెల్ల పంచె కంటే నల్ల కంబళి అవసరమే ఎక్కువసార్లు పడింది.

కల్యాణ మండపంలో తీయక తప్పకపోతే, ఎల్ఈడీ, ట్యూబులైట్ల కింద షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, అంతకంటే వేగంగా వెళితే ముఖం మీద అడ్డంగా నల్లని పట్టీలు రావచ్చు.

ఒంటి ఛాయ దాని చోట ఉండాలి

కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు, ఎదుట ఉన్నదంతా మధ్యరకపు బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. నల్లని ఒంటి మీద తెల్లని పంచె, తెల్లని ఉత్తరీయం వేసుకున్న డోలు కళాకారుణ్ణి మొత్తం ఫ్రేమును కొలిచే పద్ధతిలో తీస్తే, పంచె బూడిద రంగులోకి దిగుతుంది, ముఖం చీకటిలో కలిసిపోతుంది. వెనుక చీకటి గది ఎక్కువగా ఉంటే దీనికి తలకిందులుగా జరిగి, ముఖం పాలిపోతుంది. అందువల్ల ఫ్రేములో ఒక్క చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి, వెలుతురు పడే చెంప మీద కొలవండి. చామనఛాయ వారికి ఆ కొలత దాదాపు అలాగే సరిపోతుంది. బాగా నలుపు ఉన్నవారికి అలాగే వదిలేస్తే ఛాయ తేలిపోతుంది కనుక, మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు వరకు తగ్గించండి (ఒక స్టాపు తగ్గించడమంటే వెలుతురును సగం చేయడం). తరువాత తెరమీద హిస్టోగ్రాం, అంటే ఫోటోలో ఏ ఛాయ ఎంత ఉందో చూపే పటం, చూసి, పంచె మడతల్లోని నేత కనిపిస్తున్నదో లేదో పరిశీలించండి. నేత మాయమై పంచె తెల్లకాగితంలా ఉంటే ఎక్స్‌పోజరు ఇంకా తగ్గించడం కంటే, కూర్చునే చోటు మార్చి పంచె మీద నీడ పడేలా చూడడం మేలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన స్టూడియోల్లో "రంగు తేల్చడం" అనే అలవాటు చాలాకాలంగా ఉంది. వచ్చినవారు అడగకపోయినా ముఖాన్ని రెండు ఛాయలు తెల్లగా చేసి ఇస్తారు. మీరు ఆ పని చేయవద్దు. నల్లని ముఖానికి రూపమిచ్చేది దాని తెల్లదనం కాదు, దాని మీద వెలుతురు చేసే మెరుపు. నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, వాయించి వాయించి చెమర్చిన మెడ మీద ఆ మెరుపు నిలిచినప్పుడు ముఖం శిల్పంలా గుండ్రంగా కనిపిస్తుంది. పౌడరు అద్ది ఆ మెరుపును తుడిచేస్తే, లేదా కంప్యూటరులో ఛాయ పెంచేస్తే, ఆ గుండ్రదనం పోయి ముఖం మట్టిపూత పూసినట్టు ఉంటుంది. చెమటను తుడవాలా వద్దా అన్నది ఆయననే అడగండి, మీరు మాత్రం తుడవమనకండి.

బొట్టు పోయిన ఫోటో

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద వయసు హరికథా కళాకారిణిని ఆమె ఇంటి వసారాలో తీశాను. చేతిలో చిడతలు, మెడలో పూలదండ, నుదుట రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ముఖంలోని ముడతలు మెత్తబడతాయని కంప్యూటరులో ఎర్ర ఫిల్టరు ప్రభావం పెట్టి, అచ్చు వేయించి తీసుకువెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "బొట్టు ఏది నాయనా?" అని అడిగారు. పక్కనే ఆమె భర్త కూర్చుని ఉన్నారు. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఎంత బరువు ఉందో తెలుగువారికి నేను వివరించనక్కరలేదు. క్షమాపణ చెప్పి, ఆ ప్రతిని వెనక్కు తెచ్చుకుని, మూడో రోజున కొత్తది ఇచ్చాను.

జరిగింది ఏమిటంటే, ఎర్ర ఫిల్టరు ఎర్రని వస్తువులను తెల్లబరుస్తుంది. గోధుమ రంగు చర్మంలోనూ ఎరుపు పాలు ఎక్కువే కనుక, కుంకుమా చర్మమూ ఒకే ఛాయకు వచ్చి కలిసిపోయాయి. దీనికి సరిగ్గా ఎదురుగా, ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన 19వ శతాబ్దపు చివరి రోజుల్లో, ఫోటో పడే అప్పటి గాజు ప్లేట్లకు ఎరుపు దాదాపుగా కనిపించేది కాదు. అందుకే ఆనాటి చిత్రాల్లో ఎర్రని వస్తువులు నల్లగా పడతాయి. ఇప్పటి ఫిల్ములు, కెమెరాలు అన్ని రంగులనూ చూస్తాయి కాబట్టి ఎంత నలుపు ఇవ్వాలో తేల్చే బాధ్యత మనదే.

అందువల్ల ఎప్పుడూ రా ఫైలుగానే, అంటే కెమెరా చూసినదాన్ని కుదించకుండా దాచే ఫైలుగానే తీయండి. కెమెరాలో మోనోక్రోమ్ ప్రొఫైల్ పెట్టుకుంటే తెరమీద నలుపు తెలుపు కనిపిస్తుంది, ఫైలులో మాత్రం రంగుల సమాచారమంతా భద్రంగా ఉంటుంది. తరువాత లైట్‌రూమ్ లేదా ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ వంటి సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క రంగు ఎంత నల్లగా పడాలో సర్దుకోవచ్చు. లైట్‌రూమ్‌లో మన చర్మపు రంగు ఎక్కువ భాగం ఆరెంజ్ స్లయిడరు కింద, కుంకుమా పెదవులూ రెడ్ స్లయిడరు కింద ఉంటాయి. ఆరెంజ్‌ను కదపకుండా రెడ్‌ను కొద్దిగా తగ్గించండి, బొట్టు నుదుటి కంటే ముదురుగా నిలుస్తుంది. పెదవులు కూడా ముదురుతాయి కనుక మరీ కిందికి లాగవద్దు. నీలం భాగాన్ని పెంచి చర్మాన్ని నల్లబరిస్తే మచ్చలూ గీతలూ అన్నీ బయటికి వస్తాయి. దాన్ని గంభీరత అనుకుని కొందరు ముసలివారి ముఖాలన్నిటికీ అదే చేస్తారు, నాకు అది ఇష్టం లేదు.

ఎర్ర పట్టుచీరకు ఆకుపచ్చ అంచు ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఆ రెండు రంగులూ నలుపు తెలుపుల్లో ఒకే బూడిదగా మారి, అంచు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. రెడ్‌ను తగ్గించి గ్రీన్‌ను పెంచితే అంచు తిరిగి వస్తుంది. వీలైతే ముందురోజే, ముదురు రంగుకు లేత అంచు ఉన్న చీర కట్టుకోమని మర్యాదగా అడగవచ్చు, కానీ ఆమెకు ఇష్టమైన చీరే కట్టుకుంటానంటే అదే సరైన చీర.

ఫిల్ము వాడేవారు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కొడాక్ ట్రై-ఎక్స్ 400 తీసుకుని, పసుపు ఫిల్టరుతో ఆగిపోవడం మంచిది. దానికి దాదాపు ఒక స్టాపు వెలుతురు పోతుంది. ఎర్ర ఫిల్టరుకు మూడు స్టాపులు పోవడమే కాక, పైన చెప్పిన బొట్టు చిక్కు కూడా వస్తుంది.

చేతులు రెండో ముఖం

ఒంటి మనిషి చిత్రానికి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 మిల్లీమీటర్ల లెన్సు, చిన్న సెన్సరు కెమెరా మీద 50 సరిపోతాయి. ఫోనుతో తీస్తే వెడల్పు లెన్సు ముక్కును ఉబ్బిస్తుంది కనుక రెండు రెట్లు లేదా మూడు రెట్లు చూపే లెన్సు వాడండి. పోర్ట్రయిట్ మోడ్ మాత్రం వద్దు, అది వీణ తీగలను, చెవి పక్క వెంట్రుకలను నేపథ్యం అనుకుని చెరిపేస్తుంది. ఎపర్చరును ఎఫ్/1.8 దాకా తెరిచి కళ్ళు తప్ప అన్నీ మసకబార్చడం ఇప్పుడు వాడుకగా మారింది. వాద్యకారుల విషయంలో అది పొరపాటు, ఎందుకంటే వారి చేతులు ముఖంతో సమానంగా మాట్లాడతాయి. ఎఫ్/4 లేదా ఎఫ్/5.6 పెట్టి, కళ్ళూ వేళ్ళూ కెమెరా నుంచి ఇంచుమించు ఒకే దూరంలో ఉండేలా కూర్చోబెట్టండి. అందుకోసం ఐఎస్‌ఓ 1600 వరకు వెళ్ళడానికి వెనుకాడనక్కరలేదు.

సన్నాయి ఊదుతున్నప్పుడు బుగ్గలు ఉబ్బి, కళ్ళు చిన్నవై, అసలు ముఖం దాక్కుంటుంది. వాయిస్తున్న ఫోటో ఒకటి రెండు తీసుకోండి కానీ, గోడకెక్కే ఫోటో వేరే చోట దొరుకుతుంది. పాట ముగించి పీకను పెదవుల నుంచి తీసి ఊపిరి పీల్చుకునే రెండు మూడు క్షణాల్లో ఆయన ఇంకా రాగంలోనే ఉంటారు, ముఖం మాత్రం మనకు తిరిగి వస్తుంది. కెమెరాను దించకుండా ఆ క్షణం కోసమే వేచి ఉండండి. సన్నాయికి దారాలతో వేలాడే అదనపు పీకలను కూడా ఫ్రేములో ఉంచండి. డోలు కళాకారుడి విషయంలో, ఒక చేతి వేళ్ళకు ఉన్న గట్టి తొడుగులూ మరో చేతిలోని పుల్లా స్పష్టంగా పడాలి.

మృదంగం మీద వేళ్ళను నిలబెట్టాలంటే 1/500 కావాలి. నేను మాత్రం కెమెరాను స్టాండు మీద పెట్టి 1/30 దగ్గర తీయడానికి ఇష్టపడతాను. అప్పుడు ముఖం నిశ్చలంగా ఉండి, చేయి మాత్రం పొగలా చెదురుతుంది. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది, ఆ ఒక్కటి చాలు.

డప్పు కళాకారుణ్ణి వాయించే ముందు తీయండి. తోలు బిగియడానికి మంట దగ్గర డప్పును కాచి, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినే ఘట్టంలో ఆయన పనితనమంతా ఉంటుంది. మంట వెలుతురు కింది నుంచి వస్తుంది కనుక ముఖం వికారంగా పడకుండా, ఆయన డప్పును ముఖం ఎత్తుకు తెచ్చినప్పుడు, లేదా మంటకు కాస్త దూరంగా కూర్చున్నప్పుడు తీయండి. మంటలో నీలం పాలు బాగా తక్కువ. అందువల్ల నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు భాగాన్ని ఆధారం చేసుకుంటే గరుకుదనం తక్కువగా వస్తుంది. డప్పు వాయించే పుల్లలైన చిర్ర, సిటికెన పుల్ల చేతిలో ఉన్నప్పుడే తీయడం మరిచిపోకండి.

వీణ పొడవైన వాద్యం, పూర్తిగా చూపించాలనుకుంటే మనిషి చిన్నదైపోతుంది. కుండ నుంచి ఎడమచేతి వరకు ఉంచి, మిగిలినది ఫ్రేము బయటికి పోనివ్వండి. వెలుతురు కొంచెం వెనుక పక్క నుంచి వస్తే తీగలు వెండిగీతల్లా మెరుస్తాయి, నల్లని మైనం మీద కూర్చున్న ఇత్తడి మెట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేలా కనిపిస్తాయి. ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు కొసల మీద తీగ కోసిన గాట్లు ఉంటాయి, వాటి కోసం ఒక ఫోటో ప్రత్యేకంగా తీయండి. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి వెళ్ళగలిగితే, పనస దుంగ నుంచి వీణ తొలిచే వారిని చెక్కపొట్టు మధ్యన, సగం తయారైన కుండ ఒడిలో ఉండగా తీయండి. మెరుగు పెట్టిన వీణ కంటే ఉలి గాట్లున్న పచ్చి కొయ్య నలుపు తెలుపుల్లో ఎంతో అందంగా పడుతుంది.

తోలుబొమ్మలది ప్రత్యేకమైన లెక్క. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట, 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారి ఊరు, ఈ కళకు పేరుపడ్డది. బొమ్మను ముందు నుంచి వెలిగిస్తే దాని రంగులన్నీ ఒకే మడ్డి బూడిదగా మారతాయి. బొమ్మ వెనుక నుంచి దీపం వెలిగించి, కళాకారుణ్ణి తెర లోపలి వైపే కూర్చోబెట్టి, తోలు గుండా వడకట్టి వచ్చే వెలుతురు ఆయన ముఖం మీద పడేలా చూడండి. నగల కోసం తొలిచిన చిల్లులు అప్పుడు చుక్కల్లా వెలుగుతాయి. ముఖం మీద కొలిచి ఎక్స్‌పోజరు పెట్టండి, బొమ్మ కొంచెం ఎక్కువ వెలిగినా ఫరవాలేదు.

అచ్చు, అప్పగింత

ఎంపికలో కఠినంగా ఉండండి. రెండు వందలు తీస్తే నాలుగు మిగలాలి. ఆ నాలుగింటిలో మీకు నచ్చిన దానికంటే వారికి నచ్చింది వేరుగా ఉండవచ్చు, వారు కోరినదే పెద్దది చేయించండి. మామూలు కలర్ ల్యాబులో నలుపు తెలుపు అచ్చు వేయిస్తే లేత ఆకుపచ్చో ఊదారంగో తగిలి వస్తుంది. కాబట్టి ముందు చిన్న సైజులో ఒకటి వేయించి, పగటి వెలుతురులో చూసి, రంగు లేదని నిర్ధారించుకున్నాకనే 12 అంగుళాల ప్రతికి వెళ్ళండి. మెరిసే కాగితం వసారాలో కిటికీని ప్రతిబింబిస్తుంది కనుక మాట్ కాగితమే వాడండి. మన ఉక్కపోతకు లామినేషను లోపల తేమ పట్టి పొరలు లేస్తాయి, దానికి బదులు అద్దానికీ ఫోటోకీ మధ్య సన్నని అట్టముక్క అంచు పెట్టి ఫ్రేము కట్టించండి.

ప్రతిని మీరే స్వయంగా తీసుకువెళ్ళి ఇవ్వండి. ఫ్రేము కట్టించే ముందే వెనుక వైపు మెత్తని పెన్సిలుతో కళాకారుడి పూర్తి పేరు, వాద్యం, ఊరు, తీసిన తేదీ రాయండి. పేరును వారు పలికినట్టే రాసి చదివి వినిపించండి. తరువాత గురువు ఎవరని అడిగి ఆ పేరు కూడా కింద రాయండి. చాలాసార్లు ఆ పేరు చెప్పడానికి వారు కొంచెం నిటారుగా కూర్చుంటారు, కెమెరా సంచి అప్పటికి ఇంకా సర్దేయకండి.